ఫ్లెక్సీలో రాయని మా సారు

మా ఆయన దశదిన కర్మ రోజు మా వీధి మలుపులో ఆయన పాత విద్యార్థులు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన ముఖం పెళ్ళినాటి ఫొటోలో కంటే తెల్లగా ఉంది. కింద వరుసగా బిరుదులు: విద్యాప్రదాత, దైవస్వరూపులు, అజాతశత్రువు. పిల్లలు ప్రేమతో కట్టారు, కాదనను. కానీ చివరి మాట దగ్గర మాత్రం నాకు నవ్వు ఆగలేదు. దుఃఖంలో ఉన్న మనిషి నవ్వితే బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

కిరాణా దుకాణం త్రాసుతో, కరెంటు మీటరుతో, తొమ్మిది గంటల పద్నాలుగు నిమిషాలకు సుముహూర్తమని పత్రికలో అచ్చు వేయించి పదకొండింటికి తాళి కట్టించే పురోహితులతో ఆయన జీవితమంతా గొడవ పడ్డారు. బంధువుల పెళ్ళిళ్ళలో మా సారు కనబడగానే సన్నాయి వాళ్ళు కూడా గడియారం చూసుకునేవారు. ఎవరు ఏం చెప్పినా "ఎంత?" అని అడిగేవారు. ఎండ ఎక్కువగా ఉందంటే ఎంత, జ్వరం తగ్గిందంటే ఎంత. "మీరంటే ఊరందరికీ చాలా గౌరవమండీ" అని ఒకరు పొగిడితే "చాలా అంటే?" అని అడిగిన మనిషి. ఆయనకు శత్రువులు లేకపోవడమేమిటి, బోలెడంత మంది ఉండేవారు. వాళ్ళలో సగం మంది దశదిన కర్మకు వచ్చి భోజనం చేసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. అది వేరే సంగతి.

అందుకే ఫ్లెక్సీలో పట్టని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మనవరాలు నా ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చింది. వేలు ఒక అక్షరం మీద పెడితే పక్క అక్షరం పడుతోంది, కాబట్టి తొందర లేదు.

మాది నల్లగొండ జిల్లా పడమటి వైపు. సాగర్ కట్టకు 1955లో నెహ్రూ గారు వచ్చి రాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు మిర్యాలగూడ వైపు పోయాయి. మా వైపు గుట్టలు, పల్లేరుకాయలు, బత్తాయి తోటలు, లోతుకు పోయే బోర్లు. ఆయన నల్లగొండ నాగార్జున కాలేజీలో బి.ఎస్సీ. చదివారు. 1969 తెలంగాణ ఉద్యమంలో తరగతులు జరగక ఆ బ్యాచి అందరికీ ఒక సంవత్సరం వెనకబడింది. ఆ ఏడాదిని ఆయన ఎప్పుడూ "ఖాళీ గడి" అనేవారు. తర్వాత బి.ఇ.డి. చేసి జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పారు. యాభై ఎనిమిదేళ్ళు నిండాక 2007లో రిటైరయ్యారు. ఉద్యోగం గురించి ఇంతకంటే రాయను, మిగతాది సర్వీసు రిజిస్టరులో ఉంది.

1974లో మా పెళ్ళయినప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఏడో తరగతితో చదువు ఆగింది. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఊళ్ళో తాగే నీళ్ళు బావివా, బోరువా?" కొత్త పెళ్ళికూతురిని ఎవరైనా అలా అడుగుతారా? బావివి అన్నాను. "అందుకే నీ పళ్ళు బాగున్నాయి" అన్నారు. ఆయన నోట నా అందం గురించి వచ్చిన ఒకే ఒక్క మాట అది. ఇప్పటికీ దాన్ని పొగడ్త కింద వేసుకోవాలో వద్దో తేలలేదు.

ఆ రోజుల్లో ఊరికి సారంటే పాఠం చెప్పడం ఒక్కటే కాదు, లోకంలో ఏం జరిగినా ఆయన్నే అడిగేవారు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందన్నప్పుడు ఊళ్ళో కోళ్ళు, మేకలు కోసుకు తిన్నారు. అప్పులు ఎగ్గొట్టిన వాళ్ళు అప్పులు ఎగ్గొట్టారు. ఆయన మాత్రం నల్లబల్ల మీద భూగోళం గీసి, అందులో మా ఊరు ఎంత చుక్కో చూపించి, అది మన మీదే పడాలంటే ఎంత అదృష్టం ఉండాలో లెక్క కట్టి చెప్పారట. అది చివరికి ఆస్ట్రేలియాలో పడింది. మేకల బాకీ తీర్చలేక చాలామంది ఆయన మీదే కోపగించారు, గట్టిగా చెప్పలేదెందుకని.

ఏడు నెలలు తిరిగేసరికి సూర్యగ్రహణం వచ్చింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ గ్రహణం సరిగ్గా మా ప్రాంతం మీదుగా పోతోంది. మాకు పడమటగా ఉన్న రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాలకు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చి దిగారని పేపర్లో చదివి, సైకిలేసుకుని వెళ్ళాలని ఆయన నెల ముందు నుంచీ ఉబలాటపడ్డారు. నేనేమో కడుపుతో ఉన్నాను, ఆరో నెల. అత్తమ్మ పొద్దుటినుంచే అన్ని కుండల మీదా, పచ్చడి జాడీల మీదా గరిక వేసి, నన్ను లోపలి గదిలో చాప మీద కూర్చోబెట్టింది. కత్తి ముట్టకూడదు, గోరు గిల్లకూడదు, గడప దాటకూడదు.

ఆయన అత్తమ్మతో వాదిస్తారేమో, ఇంట్లో పెద్ద రాద్ధాంతం అవుతుందేమో అని నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. వాదించలేదు. రంగాపూర్ ప్రయాణం మానుకుని, ఉదయం నిచ్చెన వేసుకుని ఇంటి మీదికెక్కి, లోపలి గది పైన పడమటి వైపు ఒక పెంకు జరిపి, దాని స్థానంలో డబ్బా రేకు ముక్క పెట్టి, దానికి మేకుతో ఒక చిల్లు పొడిచారు. మధ్యాహ్నం ఆ చిల్లులోంచి గది మూలకు గుండ్రంగా, రూపాయి బిళ్ళంత వెలుగు పడింది. "అమ్మా, ఇది వెలుగు కాదు, సూర్యుడి బొమ్మ. చిల్లు నుంచి నేల దాకా ఎంత దూరమో కొలిచి నూట ఎనిమిదితో భాగిస్తే ఈ బిళ్ళ వెడల్పు వస్తుంది. సూర్యుడు కూడా మనకు తన వెడల్పుకు దాదాపు నూట ఎనిమిది రెట్ల దూరంలో ఉన్నాడు" అన్నారు. అత్తమ్మకు దూరాలూ వెడల్పులూ పట్టలేదు గానీ నూట ఎనిమిది అనే సంఖ్య పట్టింది. జపమాల తీసి చేతిలో పెట్టుకుని ఆ బిళ్ళ ముందు కూర్చుంది.

ఆయన బడి మైదానానికి వెళ్ళిపోయారు. అట్టకు చిల్లు పెట్టి తెల్ల కాగితం మీద గ్రహణం చూపిద్దామని పిల్లల్ని రమ్మన్నారు. వచ్చింది గుప్పెడు మంది, మిగతా వాళ్ళను ఇళ్ళలో తలుపులు వేసి దాచారు. ఇక్కడ గదిలో నేనూ అత్తమ్మా నేల మీద బిళ్ళను చూస్తూ కూర్చున్నాం. ఒక అంచు కొరికినట్టయింది. తర్వాత సగమైంది. తర్వాత నెలవంక, ఆ తర్వాత గోరంత గీత. మూడున్నర దాటాక గీత కూడా పోయి గది చీకటైంది. కోళ్ళు గూట్లోకి పోతున్న చప్పుడు. రెండు నిమిషాల పైచిలుకు అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు. మళ్ళీ వెలుగు గీత పడగానే "వచ్చిండు" అని గట్టిగా అరిచింది, సూర్యుడేదో ఊరి నుంచి తిరిగొచ్చిన బంధువైనట్టు.

వైశాఖంలో పాప పుట్టగానే అత్తమ్మ ముందు పెదవి చూసింది, తర్వాత చెవులు లెక్కపెట్టింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. "జపం చేశాను కాబట్టి" అంది. "సరే అమ్మా" అన్నారు ఆయన. ఎవరితోనైనా వాదించే మనిషి ఆవిడతో ఎందుకు వాదించేవారు కాదో నాకు తెలుసు. తండ్రి పోయాక ఆవిడ కూలికి పోయి చదివించింది. ఆవిడ కష్టాన్ని కొలిచే సాధనం ఆయన దగ్గర లేదు.

ఇక నీళ్ళ సంగతి. ఫ్లెక్సీలో ముందుగా రాయవలసింది అదే.

మా వైపు నేల కింద ఉన్నది నల్లరాయి, గట్టిరాయి. ఆ రాయిలోని ఫ్లోరిన్ నీళ్ళలో కరుగుతుంది. బావులు ఉన్నన్నాళ్ళూ కొంత నయం. బావులు ఎండి బోర్లు వచ్చాక, లోతుకు పోయినకొద్దీ అది పెరిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బడి దగ్గరి చేతిపంపు నీళ్ళను ఆయన ప్లాస్టిక్ డబ్బాలో నల్లగొండకు తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే దానికి మూడింతలు వచ్చింది. పిల్లల పళ్ళు గారపట్టి, గోధుమరంగు చారలు. కొందరికి దొడ్డికాళ్ళు. నడివయసుకే నడుములు పట్టేసి, తల తిప్పాలంటే ఒళ్ళంతా తిరగవలసిన మగవాళ్ళు. ఊళ్ళో అదంతా కర్మ కింద జమ.

ఆయన ఒక పాత హాజరుపట్టీ తీసుకుని గడులు గీశారు. పిల్లవాడి రోల్ నంబరు, ఏ గూడెం, ఏ తండా, తాగే నీళ్ళు ఎక్కడివి, పళ్ళు ఎలా ఉన్నాయి. నాలుగేళ్ళు రాశారు. కొత్త బోరు తవ్వినప్పుడు ఊళ్ళోకి బాజాలతో నీళ్ళు తెచ్చుకున్న వీధి పిల్లలకే గార ఎక్కువ, చెరువు కింద పాత దిగుడు బావి నీళ్ళు తాగే వాడ పిల్లలకు తక్కువ అని తేలింది. పెద్దవాళ్ళకు వచ్చే జబ్బు కంటే ముందుగా, పాలపళ్ళు ఇంకా ఊడకముందే, అసలు పళ్ళు లోపల తయారవుతున్న వయసులోనే చెడు జరిగిపోతుందని ఆయన పాఠం. కాబట్టి కనీసం ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకైనా బావి నీళ్ళు పట్టండి అని పంచాయతీ దగ్గర చెప్పారు.

అప్పుడు చూడాలి ఆయన అజాతశత్రుత్వం! బోరు తెచ్చిన పెద్దమనిషికి అవమానం. ఆడపిల్లలున్న వాళ్ళకు అంతకంటే పెద్ద భయం. "సారు రాతలు బయటికి పోతే ఇది గారపళ్ళ ఊరని మన పిల్లను ఎవరు చేసుకుంటారు?" అని మా అరుగు మీదికి వచ్చి ఆడవాళ్ళు నన్ను నిలదీశారు. వాళ్ళది అబద్ధం కూడా కాదు, సంబంధాలు నిజంగానే తప్పిపోయేవి. సైకిల్ టైర్లు ఎవరో కోసేశారు. ఆయన నడిచి బడికి వెళ్ళారు, గడులు నింపడం ఆపలేదు. పేర్లు రాయకుండా నంబర్లు రాసింది ఆ ఆడపిల్లల కోసమేనని నేను చాలా కాలం తర్వాత గమనించాను. ఆయనేమీ చెప్పలేదు.

నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు అప్పట్లో ఒక పద్ధతి కనిపెట్టారు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి, నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేర్చి, పైనున్న నీళ్ళు వంచుకోవడం. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆఫ్రికా దేశాల దాకా పోయింది ఆ పేరు. మా ఇంట్లో ప్రతి ఉదయం రెండు బకెట్లతో ఆ తతంగం నడిచేది. పిల్లలు వంతులవారీగా కర్రతో పది నిమిషాలు తిప్పాలి, ఆయన గడియారం పట్టుకుని నిలబడతారు. ఆ నీళ్ళతో చేసిన టీ తాగిన బంధువులు రెండోసారి మా ఇంట్లో టీ అడగలేదు. చుట్టాల తాకిడి తగ్గడం కూడా ఫ్లోరిన్ లేని జీవితానికి ఒక లాభమని నేను అనుకునేదాన్ని.

1996 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉంటారు. నల్లగొండకు నీళ్ళు ఇవ్వడం లేదని చూపించడానికి ఒక్క మా నియోజకవర్గంలోనే 480 మంది పోటీకి నిలబడ్డారు. ఎన్నిక వాయిదా పడి విడిగా జరిగింది. బ్యాలెట్ పత్రం పత్రంలా కాకుండా పుస్తకంలా అచ్చయింది. ఆయనకు ప్రిసైడింగ్ అధికారి డ్యూటీ పడింది. ప్రతి బ్యాలెట్ వెనకా సంతకం పెట్టాలి. ముసలమ్మలు ఆ పుస్తకం తిరగేసి తమ గుర్తు వెతుక్కునేసరికి బయట వరుస చెట్టు చుట్టూ తిరిగిందట. ఇంటికి వచ్చి కుడిచేతి వేళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టించుకుంటూ, "నేను చూసినవాటిలో ఇదొక్కటే సరైన ప్రశ్నాపత్రం. జవాబు రాయాల్సిన వాళ్ళు ఢిల్లీలో ఉన్నారు" అన్నారు. ఆ ఏడాదే పోటీ డిపాజిట్‌ను అయిదు వందల నుంచి పది వేలకు పెంచారు. జవాబు అలా వచ్చింది.

ఇంట్లో తండ్రిగా ఎలా ఉండేవారంటే, ముగ్గురు పిల్లలూ ఆయన బడిలోనే చదివారు కాబట్టి బడి గేటు దాటాక "సార్" అనాలి, ఇంటి గడప దాటాక "నాన్నా" అనాలి. మా చిన్నవాడికి కోపం వస్తే ఇంట్లో కూడా "సార్" అనేవాడు. అన్నం దగ్గర "సార్, పప్పు ఇటు జరపండి" అంటే ఆయన మారు మాట్లాడకుండా జరిపేవారు. అలిగిన రోజులను కూడా ఆయన ఎక్కడో రాసి ఉంటారని మా పిల్లల నమ్మకం. దొరకలేదు ఇంకా.

ఇక నా చదువు. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి బి.ఎ.లో చేరవచ్చు. ఆ ప్రకటన కత్తిరించి, వంటింట్లో ఉప్పు డబ్బా మీద అంటించారు. నోటితో చెప్పలేదు. రెండు నెలలు నేనూ చూడనట్టే ఉన్నాను. మూడో నెల ఆ కాగితం మరకలు పట్టిందని కొత్తది అంటించారు! అప్పుడిక ఫారం తెమ్మన్నాను. ఆదివారాలు నల్లగొండలో తరగతులు. ఆయన ఇంట్లో ఉండి పిల్లలకు వండేవారు. ఉప్పు చెంచాతో కొలిచి, ఎసరు గ్లాసుతో కొలిచి, పొయ్యి ముందు గడియారం పెట్టుకుని చేసిన పప్పు మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. అంత కొలిచినా రుచి రాలేదు మరి. లెక్కల విషయంలో ఆయన నాకు పాఠం చెప్పడానికి ప్రయత్నించి, రెండు రోజులకే ఇద్దరం మాటలు మానేశాం. అందుకే చరిత్ర, తెలుగు, ప్రభుత్వ పాలనాశాస్త్రం తీసుకున్నాను. పట్టా వచ్చిన రోజు బజారు నుంచి బత్తాయిలు తెచ్చి నా చేతిలో పెట్టి, "రెండో శ్రేణికి నాలుగు మార్కులే తక్కువ" అన్నారు. ఆ పూట నేను ఆయనకు అన్నం వడ్డించలేదు. ఇప్పుడు చెప్పుకుని నవ్వుకోవడానికి ఆయన లేరు, మీకు చెబుతున్నాను.

రిటైరయ్యాక కొన్నేళ్ళకు మిషన్ భగీరథ నల్లా మా గుమ్మం ముందుకు వచ్చింది. కృష్ణ నీళ్ళు. వీధిలో అందరూ బిందెలు పట్టారు. మా సారు మాత్రం సీసాలో పట్టి పరీక్షకు పంపి, ఫలితం వచ్చే దాకా ఎవ్వరినీ చుక్క తాగనివ్వలేదు. ఫలితం ఒకటి కంటే తక్కువ అని వచ్చింది. ఆ కాగితాన్ని పాత హాజరుపట్టీ చివరి పేజీకి గుండుసూదితో గుచ్చి, గ్లాసెడు నీళ్ళు తాగి, కొంచెంసేపు ఆలోచించి "చప్పగా ఉన్నాయి" అన్నారు. చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరిన్ కొంత మూత్రంతో బయటికి పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్పారని ఎక్కడో చదివి, అప్పటికే రోజూ పచ్చిపులుసు చేయించేవారు. నీళ్ళు మారినా పచ్చిపులుసు మారలేదు. అదీ శాస్త్రం కోసమేనని చివరిదాకా బుకాయించారు.

ఆయన వెన్ను మాత్రం చిన్నప్పుడు తాగిన నీళ్ళ వల్ల అప్పటికే బిగిసిపోయింది. చివరి రెండేళ్ళు మెడ తిరిగేది కాదు. ఎక్స్‌రే చూసి కుర్ర డాక్టరు ఏదో చెప్పబోతే, ఈయనే వేలు పెట్టి, ఎక్కడ ఎముక దట్టమైందో, ఎక్కడ కీలు కలిసిపోయిందో వివరించారు. ఆ అబ్బాయి రాసుకున్నాడు. తర్వాత గుండె ఇబ్బంది పెట్టింది. బి.పి. పొద్దున, సాయంత్రం నోటుబుక్కులో. చివరి పేజీలో సాయంత్రం గడి ఖాళీగా ఉంది.

బీరువాలో ఒక ఫైలు దొరికింది. పైన నా పేరు. కుటుంబ పింఛను దరఖాస్తు, పింఛను ఉత్తర్వు నకళ్ళు, ఇద్దరం కలిసి దిగిన ఫొటోలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, అన్నీ వరుస ప్రకారం. దరఖాస్తు ఆయన చేతిరాతతోనే నింపి ఉంది, ఒక్క తేదీ గడి తప్ప. పెన్సిలుతో పక్కన సూచనలు: "ఇక్కడ సంతకం. ఇక్కడ సాక్షి. మరణ ధ్రువపత్రం అయిదు కాపీలు తీసుకో, నాలుగు చాలవు." నిజంగానే నాలుగు చాలలేదు. ఆఫీసులో ఫైలు చూసిన ఉద్యోగి, "అమ్మా, ఇది ఎవరు తయారు చేశారు, మా వాళ్ళకు నేర్పించాలి" అన్నాడు. నాకు గర్వం వచ్చింది, కోపమూ వచ్చింది. నేను లేకుండా పోతే నువ్వెలా ఉంటావని ఒక్కసారైనా అడగని మనిషి, కూర్చుని ఇదంతా ఎప్పుడు చేశాడో.

చివరగా ఒక పని ఉంది, దాని కోసమే ఈ రాత చాలామంది ఆయన విద్యార్థులకు చేరాలని కోరుతున్నాను. ఆయన పుస్తకాలు అరువిచ్చేవారు, ఇచ్చినవి ఒక చిట్టాలో రాసేవారు. ఆ చిట్టా నా దగ్గరుంది. లాగరిథం పట్టికలు, భౌతికశాస్త్రం గైడ్లు, జ్యామితి పెట్టెలు, ఒక భూతద్దం, 1978 నుంచి లెక్క ఉంది. మీలో కొందరు ఇప్పుడు ఇంజనీర్లు, ఒకరు తహసీల్దారు, ఒకరు అమెరికాలో ఉన్నారు. గైడ్లు మీరే ఉంచుకోండి. పట్టికలు మాత్రం తిరిగి కావాలి, వాటి అంచుల్లో ఆయన రాసుకున్న లెక్కలు ఉన్నాయి. మా ఊరి హైస్కూలుకు హాజరుపట్టీతో సహా ఇద్దామనుకుంటున్నాను. భూతద్దం తీసుకున్న అబ్బాయీ, నీ పేరు ఇక్కడ రాయడం లేదు. చిట్టాలో ఉంది. పోస్టు ఖర్చులు నేను ఇస్తాను.